ఫాంటమ్‌తో నడిచే చిన్న ప్రీయాంప్: సగం సర్క్యూట్ నీ డబ్బాలో, మిగతా సగం మిక్సర్‌లో

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెబుతా, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దు. కాజీపేటలో ఇంట్లోనే ఒక గదిలో రికార్డింగ్ పెట్టుకున్నావు. ష్యూర్ ఎస్‌ఎమ్7బీ మైకు, రెండు ఇన్‌పుట్ల పాత ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె). గెయిన్ చివరిదాకా తిప్పితే గానీ గొంతు అందట్లేదు, అందేసరికి వెనకాల బుస మొదలవుతోంది. ఇంకోటి, శారదకథ చెప్పే మీ పెద్దనాయన తంబురకు పీజో బిళ్ల (అదురును వోల్టేజ్‌గా మార్చే పలుచని బిళ్ల) అంటించి నేరుగా మిక్సర్‌కు కలిపితే రేకు డబ్బా మీద గీకినట్టు వినిపిస్తోంది. రెంటికీ పనికొచ్చేలా ఫాంటమ్‌తో, అంటే మైకు కేబుల్‌లోనే మిక్సర్ పంపే కరెంట్‌తో నడిచే ఒకటే ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న డబ్బా) కట్టుకోవచ్చా, కేబుల్ మధ్యలో పెట్టుకునేలా సర్క్యూట్ చెప్పండి అన్నావు.

ఒకటే డబ్బా రెంటికీ కుదరదు. సర్క్యూట్ రూపం రెంటిలోనూ ఒకటే, రెండు ఎఫ్‌ఈటీలు ఎదురెదురుగా. ఎఫ్‌ఈటీ అంటే గేటు అనే కాలు మీది వోల్టేజ్‌ను బట్టి డ్రెయిన్, సోర్సు అనే మిగతా రెండు కాళ్ల మధ్య పారే కరెంట్‌ను మార్చే ట్రాన్సిస్టర్. కానీ మైకు 150 ఓమ్‌ల సరుకు, పీజో లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ అడిగే సరుకు, ఒకదానికి నప్పే విలువలు ఇంకోదాని గొంతు నొక్కేస్తాయి. నేను హన్మకొండలో ఆంప్లిఫయర్లు, మిక్సర్లు రిపేర్ చేస్తాను, జాతరలకు, ఒగ్గుకథలకు మిక్సర్ దగ్గర కూర్చుంటాను. ఇట్లాంటి డబ్బాలు ఇప్పటిదాకా ముప్పై దాకా కట్టి ఉంటాను. సరిగ్గా పని చేయనివి ఎందుకు చేయలేదో వెతుక్కుంటూ పోతే చాలాసార్లు తప్పు డబ్బాలో దొరకలేదు, దాన్ని తగిలించిన మిక్సర్‌లో దొరికింది. ఎందుకంటే ఈ సర్క్యూట్‌లో సగమే మనం కడతాం, మిగతా సగం మిక్సర్ లోపల ముందే ఉంటుంది.

అసలు నీకు డబ్బా అవసరమా అన్నది ముందు చూద్దాం. 150 ఓమ్‌ల మైకు ఏ శబ్దమూ లేని గదిలో కూడా తనంతట తాను కొంత బుస పుట్టిస్తుంది, ఆ తీగలోని వేడి వల్ల. 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో అది 0.22 మైక్రోవోల్టులు, డీబీయూలో (వోల్టేజ్‌ను డెసిబెల్స్‌లో చెప్పే కొలత) చెప్తే సుమారు మైనస్ 131. దీన్ని ఎవరూ తగ్గించలేరు, లక్ష రూపాయల ప్రీయాంప్ పెట్టినా అంతే. ఇప్పుడు నీ ఇంటర్‌ఫేస్ మాన్యువల్‌లో ఈఐఎన్ అనే అంకె వెతుకు, ఇన్‌పుట్ దగ్గర లెక్కేసిన శబ్దం అది. అది మైనస్ 128 దగ్గర ఉంటే నీ ఇంటర్‌ఫేస్ ముందే బాగుంది, డబ్బా పెట్టినా బుసలో తేడా నీ చెవికి తెలియదు. ఏ-వెయిటెడ్ (చెవి వినే తీరుకు సర్దిన కొలత) అని రాసి ఉంటే ఒక 2 డీబీ తగ్గించి చదువుకో. అదే మైనస్ 120 అయితే ఇంటర్‌ఫేస్ సొంత శబ్దం 0.77 మైక్రోవోల్టులు, మైకు శబ్దానికి మూడున్నర రెట్లు. అక్కడ మంచి ఎఫ్‌ఈటీల డబ్బా పెడితే మొత్తం శబ్దం 0.8 నుంచి 0.3 మైక్రోవోల్టులకు దిగుతుంది, అంటే 8 డీబీ పైన. అది రాత్రికీ పగలుకూ ఉన్నంత తేడా.

ఇంకో సంగతి, పైసా ఖర్చు లేనిది. ఎస్‌ఎమ్7బీ ఒక పాస్కల్ ఒత్తిడికి ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులే, ఎస్‌ఎమ్58 ఇచ్చే 1.85 కన్నా కూడా తక్కువ. నువ్వు జానెడు దూరంలో కూర్చుని మాట్లాడుతుంటే బెత్తెడు దూరానికి జరుగు. మూడు బెత్తెలు ఒక జాన కదా, దూరం మూడోవంతైతే 9 డీబీ పైనే పెరుగుతుంది, సగం డబ్బా కట్టినంత పని అక్కడే అయిపోతుంది. దగ్గరకు జరిగితే గొంతు బరువెక్కుతుంది, దానికి మైకు వెనక బేస్ తగ్గించే స్విచ్ ఉంది, వాడుకో. ఇది చేసి చూశాక కూడా బుస ఉంటేనే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయి.

ఇక ఫాంటమ్ గురించి. ఫాంటమ్‌లో ఉండే 48 వోల్టులు ఎక్కణ్నుంచి వచ్చాయంటే, 1966లో న్యూమన్ కంపెనీ నార్వే రేడియో వాళ్ల కోసం మైకులు చేసేటప్పుడు ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉండేది, దాన్నే మైకుకు వాడారు, ఇప్పటిదాకా అదే నడుస్తోంది. మిక్సర్ లోపల ఆ 48 వోల్టులు రెండు 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల గుండా, మూడు పిన్నుల మైకు కనెక్టర్ (ఎక్స్‌ఎల్‌ఆర్)లో పిన్ 2కు ఒకటి, పిన్ 3కు ఒకటి వెళ్తాయి. పిన్ 1 గ్రౌండ్. ప్రమాణం ప్రకారం ఒక మైకు 10 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవచ్చు. మన డబ్బాలో ఎఫ్‌ఈటీ డ్రెయిన్‌కు లోడ్ రెసిస్టర్ (కరెంట్ మార్పును వోల్టేజ్‌గా మార్చేది) వేరుగా ఉండదు, మిక్సర్‌లోని ఆ 6.8 కిలో రెసిస్టరే మన లోడ్. కరెంట్ వచ్చేదీ అదే దారిలో, సిగ్నల్ పోయేదీ అదే దారిలో. డబ్బాలో సగం సర్క్యూటే ఉంటుందని నేనన్నది ఇందుకే.

మైకు డబ్బా ఇట్లా కట్టు. మైకు నుంచి వచ్చే పిన్ 2 ఒక ఎఫ్‌ఈటీ గేటుకు, పిన్ 3 ఇంకో ఎఫ్‌ఈటీ గేటుకు. ప్రతి గేటు నుంచి గ్రౌండ్‌కు ఒక 1.5 కిలో రెసిస్టర్, మైకుకు మొత్తం 3 కిలో లోడ్ కనిపిస్తుంది. రిబ్బన్ మైకు అయితే వాటిని 10 కిలో చేయి. రెండు సోర్సులు కలిపేసి ఒకే చిన్న రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు దించు. రెండు డ్రెయిన్లు బయటికెళ్లే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులకు. అంతే. ఒక్కో ఎఫ్‌ఈటీలో 3 మిల్లీ ఆంపియర్లు పారితే 6.8 కిలో మీద 20 వోల్టులు పడిపోతాయి, డ్రెయిన్ దగ్గర 27, 28 వోల్టులు మిగులుతాయి, రెండూ కలిపి 6 మిల్లీ ఆంపియర్లు, పరిమితిలోనే ఉన్నాం. 4 మిల్లీ ఆంపియర్లు దాటనీయకు. మామూలుగా పని చేసేటప్పుడు గేటు అడ్డం ఉండటం వల్ల 48 వోల్టులు మైకు వైపు వెళ్లవు, అందుకే రిబ్బన్ మైకులకు కూడా ఈ డబ్బా నిశ్చింత.

కొన్ని సర్క్యూట్లలో గేటుకు సిరీస్‌లో 100 ఓమ్‌లు గీసి ఉంటాయి, రేడియో సిగ్నల్ ఆపడానికని. పెట్టకు. రెండు వైపులా కలిపి 200 ఓమ్‌లు అవుతుంది, మైకు 150 ఓమ్‌లే, తీగ వేడి వల్ల పుట్టే ఆ బుసను మనమే ఒకటిన్నర రెట్లు చేసి కూర్చుంటాం. దాని బదులు రెండు గేట్ల దగ్గర ఫెర్రైట్ పూసలు తొడుగు, రెండు గేట్ల మధ్య 220 పికోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టు, చాలు.

గెయిన్ ఎంత వస్తుందని అడుగుతావు. ఆ జవాబు నా దగ్గర లేదు, నీ మిక్సర్ దగ్గర ఉంది. 2ఎస్‌కె170 లాంటి ఎఫ్‌ఈటీలో గేటు మీద ఒక మిల్లీవోల్టు కదిలితే డ్రెయిన్‌లో సుమారు 20 మైక్రో ఆంపియర్లు కదులుతాయి. ఆ కరెంట్ ఎంత రెసిస్టెన్స్‌లో పారితే అంత వోల్టేజ్. మిక్సర్ ఇన్‌పుట్ 3 కిలో అనుకో, ఒక్కో వైపు 1.5 కిలో, దానికి పక్కనే 6.8 కిలో, కలిపితే 1.23 కిలో. లెక్క వేస్తే గెయిన్ 24 రెట్లు, దాదాపు 28 డీబీ. అదే డబ్బాను 1.2 కిలో ఇన్‌పుట్ ఉన్న పాత మిక్సర్‌కు తగిలిస్తే 21 డీబీ దగ్గర ఆగుతుంది. 10 కిలో ఇన్‌పుట్‌కు తగిలిస్తే 35 డీబీకి ఎగబాకుతుంది. డబ్బా ఒకటే, మనిషి ఒకడే, గెయిన్‌లో 14 డీబీ తేడా! అందుకే దుకాణంలో అమ్మే డబ్బాల మీద కూడా 25 అనో 27 అనో రాసి ఉన్నది ఒక లోడ్‌కు చెప్పిన మాటే. నీ ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ ఎక్కువ ఇంపిడెన్స్‌ది అయితే బయటికెళ్లే పిన్ 2, 3 మధ్య ఒక 3.3 కిలో రెసిస్టర్ వేసుకో, 10 కిలో ఇన్‌పుట్‌లో కూడా 26 డీబీకి దిగి కుదురుగా ఉంటుంది.

పరకాల దగ్గర ఒక ఊళ్లో ఒగ్గుకథ రాత్రి జరిగింది చెప్తాను. మిక్సర్ మాది కాదు, అద్దెకు తెచ్చింది. కథకుడి గొంతు కోసం నేను కట్టిన డబ్బా పెట్టాను, ఇంట్లో పది రోజులు వాడి చూసిందే. మల్లన్న పుట్టుక మొదలుపెట్టి ఆయన గొంతెత్తగానే గొంతు చీలిపోయి, పగిలిన స్పీకర్ లాగా వచ్చింది. జనం మొహాలు ఇటు తిరిగాయి. నాకు ఒళ్లంతా చెమట. డబ్బా తీసేసి మైకు నేరుగా పెట్టి, గెయిన్ తిప్పుకుని ఆ రాత్రి ఎట్లాగో గట్టెక్కించాను. తెల్లారి మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ మిక్సర్ ఫాంటమ్ ఖాళీగా ఉన్నప్పుడే 18 వోల్టులు. బయట బటన్ మీద మాత్రం 48 అని ఉంది. 3 మిల్లీ ఆంపియర్లకు 6.8 కిలో మీద 20 వోల్టులు పడాలి, ఉన్నదే 18, ఇక ఎఫ్‌ఈటీకి మిగిలేదేముంది? డబ్బా పెట్టి డ్రెయిన్ దగ్గర కొలిస్తే వోల్టు కూడా లేదు. కండెన్సర్ మైకులు కొన్ని 12 వోల్టులకే నడుస్తాయి కాబట్టి ఆ మిక్సర్ వాళ్లకు ఎప్పుడూ తేడా తెలియలేదు. ఆ పెద్దమనిషి రాత్రంతా చెప్పే కథ, మొదటి పద్యమే నా వల్ల పాడైందని ఇప్పటికీ మనసులో ఉంది. ఆ రోజు నుంచి మీటర్ లేకుండా గడప దాటలేదు.

కాబట్టి నువ్వు మొదట చేయాల్సింది ఈ రెండు కొలతలు. ఫాంటమ్ ఆన్ చేసి, కేబుల్ ఇంకో కొనలో పిన్ 1కూ పిన్ 2కూ మధ్య వోల్టులు చూడు, తర్వాత పిన్ 1కూ 3కూ. 44 నుంచి 52 మధ్య ఉండాలి. ఆ తర్వాత మీటర్‌ను మిల్లీ ఆంపియర్లలోకి మార్చి, పిన్ 2ను మీటర్ గుండా పిన్ 1కు కలుపు. లోపల రెసిస్టర్ ఉంది కాబట్టి భయం లేదు, 7 మిల్లీ ఆంపియర్లు రావాలి. పిన్ 3కు కూడా అంతే రావాలి, రెంటికీ మధ్య తేడా మీటర్‌కు కనపడకూడదు. వోల్టులు 48 చూపించి కరెంట్ 3, 4 దగ్గర ఆగితే లోపల సరఫరా నీరసంగా ఉందన్నమాట, యూఎస్‌బీ కరెంట్‌తోనే నడిచే కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో ఇది చూశాను. పని అయ్యాక ప్రోబ్‌ను వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోకు, తర్వాత అదే మీటర్‌తో కరెంట్ ప్లగ్గు కొలవబోయి కాల్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఎఫ్‌ఈటీల సంగతి. అందరూ చెప్పే 2ఎస్‌కె170ని తోషిబా ఆపేసి చాలాకాలమైంది. ఆన్‌లైన్‌లో పది రూపాయలకు, పదిహేను రూపాయలకు దొరికేవి ఎక్కువగా ఏదో ఒక ఎఫ్‌ఈటీ మీద పేరు గీకి మళ్లీ అచ్చు వేసినవి. కోఠీ గుజరాతీ గల్లీలో నేను కొన్నవాటిలో కూడా ఒక సంచి మొత్తం నకిలీ తేలింది. అసలుది కావాలంటే లీనియర్ సిస్టమ్స్ వాళ్ల ఎల్‌ఎస్‌కె170 కొను, ఖరీదెక్కువే కానీ రెండంటే రెండే కావాలి కదా. చిన్న సర్ఫేస్ మౌంట్ ముక్కలు సోల్డర్ చేసే చేయి ఉంటే తోషిబా 2ఎస్‌కె209, టెక్సస్ వాళ్ల జేఎఫ్‌ఈ150 కూడా మంచివి.

మన కాలేజీ ల్యాబుల్లో ఎఫ్‌ఈటీ అంటే బీఎఫ్‌డబ్ల్యూ 10, బీఎఫ్‌డబ్ల్యూ 11, ఈసీఈ చదివిన ప్రతివాడి చేతిలో ఆ నాలుగు కాళ్ల రేకు టోపీ పడి ఉంటుంది. మైకు డబ్బాకు అవి వద్దు. మిల్లీవోల్టుకు 20 మైక్రో ఆంపియర్లు ఇవ్వాల్సిన చోట అవి నాలుగో అయిదో ఇస్తాయి, గెయిన్ 15 డీబీ దగ్గర ఆగిపోతుంది, శబ్దం కూడా ఎక్కువ. కానీ వాటిని పారేయకు, మీ పెద్దనాయన తంబురకు అవే పనికొస్తాయి, అక్కడికి వస్తాను.

రెండు ఎఫ్‌ఈటీలు జోడీ కుదరాలి. గేటునూ సోర్సునూ కలిపి గ్రౌండ్‌కు, డ్రెయిన్‌కు 9 వోల్టుల బ్యాటరీ, మధ్యలో మిల్లీ ఆంపియర్ మీటర్. వచ్చే అంకెను ఐడీఎస్‌ఎస్ అంటారు. ఇక్కడ ఓపిక కావాలి. ఎఫ్‌ఈటీని వేళ్లతో పట్టుకుని గుచ్చగానే అంకె కదులుతూనే ఉంటుంది, వేలి వేడికి. 3.62, 3.58, 3.55 అని జారుతూ ఉంటే వదిలేసి ముప్పై సెకన్లు ఆగు, కదలడం ఆగాక రాసుకో. ఫ్యాన్ గాలి తగిలినా మారుతుంది, అందుకే నేను మీద ఒక చిన్న అగ్గిపెట్టె బోర్లిస్తాను. పది ముక్కలు కొలిస్తే 5 శాతం లోపు తేడా ఉన్న జంట ఒకటైనా దొరుకుతుంది. ఐడీఎస్‌ఎస్ 3 నుంచి 4 మిల్లీ ఆంపియర్ల మధ్య దొరికితే అదృష్టం, సోర్స్ రెసిస్టర్ అక్కర్లేదు, సోర్సులు నేరుగా గ్రౌండ్‌కు. 6 దగ్గర ఉంటే సోర్సుల కింద 15, 22 ఓమ్‌లు మార్చి చూసి ఒక్కోదానిలో మూడున్నరకు దించు. జోడీ ఎందుకంటే, 0.3 మిల్లీ ఆంపియర్ల తేడాకే పిన్ 2కూ 3కూ మధ్య 2 వోల్టుల డీసీ నిలబడుతుంది. ఇన్‌పుట్‌లో కెపాసిటర్లు ఉన్న మిక్సర్‌కు అది పట్టదు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మిక్సర్ అయితే దాని ఇనుము నిండిపోయి బేస్ వికారంగా మారుతుంది.

పైన ఇంకో ఎఫ్‌ఈటీ ఎక్కించే కాస్కోడ్ గురించి కూడా అడిగావు. జే112 లాంటిది పైన పెట్టి, దాని గేటును కింది ఎఫ్‌ఈటీ సోర్సుకు కలిపితే కింది ఎఫ్‌ఈటీకి రెండు మూడు వోల్టులే అందుతాయి, మిగతా భారమంతా పైది మోస్తుంది. హై ఫ్రీక్వెన్సీ కోసం అది తప్పనిసరి అంటారు చాలామంది, 150 ఓమ్‌ల మైకుకు ఆ వాదన నిలవదు. నేను పెట్టేది వేరే కారణానికి: 2ఎస్‌కె170 40 వోల్టులకే తట్టుకుంటుంది, కరెంట్ తక్కువ పారే ముక్క పడితే డ్రెయిన్ ఆ గీత దగ్గరకు వెళ్తుంది. మొదటి డబ్బా కాస్కోడ్ లేకుండా కట్టు, వోల్టులు కొలిచి 30 లోపు ఉంటే అట్లాగే ఉంచు.

ఒక చోట మాత్రం తప్పకుండా జాగ్రత్త. ఎఫ్‌ఈటీ సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంది. మైకు పిన్ 2 గేటుకు వెళ్లిన ఎఫ్‌ఈటీ డ్రెయిన్‌ను బయట పిన్ 3కు కలపాలి, పిన్ 3ది పిన్ 2కు. అడ్డంగా మార్చాలి. నేను మొదట్లో ఇది చేయలేదు, ఒక్క మైకుతో వింటే ఏ తేడా తెలియదు కూడా. ఐనవోలు జాతరప్పుడు ఒగ్గు కథకుడికి డబ్బా ఉన్న మైకు, పక్కనే వంత పాడే ఆయనకు డబ్బా లేని మైకు పెట్టాను. ఇద్దరూ దగ్గరకు జరిగినప్పుడల్లా గొంతులో బొంగురు, నిండుతనం ఎవరో తీసేసినట్టు పోయేది, దూరం జరిగితే వచ్చేది. ఒకే గొంతు రెండు మైకుల్లో ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి పడి ఒకదాన్ని ఒకటి మింగేస్తోంది. ఈక్వలైజర్ తిప్పుతూ రెండు రోజులు వృథా చేసుకున్నాను.

డోలుకు, డప్పుకు ఈ డబ్బా పెట్టకు. డోలుకు ఆనించి పెట్టిన మైకు దగ్గర 130 డీబీ ఒత్తిడి మామూలే, అక్కడ ఎస్‌ఎమ్58 ఇచ్చేదే 100 మిల్లీవోల్టుల పైన. ఈ ఎఫ్‌ఈటీలు పగలకుండా తీసుకునేది అంతలోపే. గొంతుకు, తంబురకు, వేణువుకు మాత్రమే.

కేబుల్ పొడవు కూడా చూసుకో. ఈ డబ్బా బయటకు ఇచ్చే దారి మిక్సర్ లోడ్‌తో కలిపి కూడా రెండున్నర కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది, మామూలు మైకు 150 కదా. కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్లు అనుకుంటే 50 మీటర్ల మల్టీకోర్ మీద 13 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పడిపోతుంది. గొంతుకు పెద్దగా తెలియదు, తాళాల మెరుపు పోతుంది. నీ గదిలో మూడు మీటర్ల కేబుల్‌కు ఈ బాధే లేదు. బయట జాతరలో మాత్రం నేను డబ్బాను స్టేజి మీది స్టేజి బాక్సు దగ్గర కాకుండా మిక్సర్ దగ్గరే పెడతాను. హమ్ (కరెంట్ తీగల నుంచి పట్టే గుంయ్‌మనే మోత) కొంచెం ఎక్కువ పట్టే అవకాశం ఉంది, మంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్ అయితే అది సమస్య కాలేదు.

ఇక తంబుర. రేకు డబ్బా శబ్దం ఎందుకొస్తోందో లెక్కలోనే కనిపిస్తుంది. 27 మిల్లీమీటర్ల ఇత్తడి పీజో బిళ్ల ఒక 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. దాన్ని 2 కిలో ఓమ్‌ల మైకు ఇన్‌పుట్‌కు కలిపితే 4 కిలోహెర్ట్జ్ కిందున్నదంతా జారిపోతుంది. తంబుర ప్రాణమంతా ఆ కిందే ఉంది కదా, మిగిలేది గీకుడు మాత్రమే. అదే 1 మెగా ఓమ్ చూపిస్తే కొస 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, తీగ మీటిన నిండుతనం మొత్తం వస్తుంది. సన్న పట్టీలా ఉండే పీజోలు కొన్ని 1 నానోఫారడ్ దగ్గరే ఉంటాయి, వాటికి 10 మెగా కావాలి.

రూపం మైకు డబ్బాదే. పీజో రెండు తీగలూ రెండు గేట్లకు, ఏదీ గ్రౌండ్‌కు కలపకు, అప్పుడు హమ్ రెండు వైపులా సమానంగా పడి మిక్సర్‌లో రద్దవుతుంది. ప్రతి గేటు నుంచి గ్రౌండ్‌కు 4.7 మెగా. సోర్సులు కలపొద్దు, ఒక్కోదానికి వేరుగా 1 కిలో. ఇక్కడ గెయిన్ అక్కర్లేదు, ఒకటి దగ్గర ఉంటే చాలు, పీజో తానే కావలసినంత ఇస్తుంది. ఎఫ్‌ఈటీ బీఎఫ్‌డబ్ల్యూ 11. దాని పరిమితి 30 వోల్టులే, ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లకు పిన్ దగ్గర 38 వోల్టులు నిలబడతాయి కాబట్టి డ్రెయిన్‌కూ పిన్‌కూ మధ్య 10 కిలో రెసిస్టర్ ఒకటి వేయి, అది గెయిన్‌ను ముట్టుకోకుండా వోల్టుల భారం మోస్తుంది. కరెంట్ ఇచ్చాక డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్య 15 నుంచి 25 వోల్టులు ఉన్నాయో లేదో చూడు. బీఎఫ్‌డబ్ల్యూ 10 వాడితే కరెంట్ ఎక్కువ పారి ఆ 10 కిలో మొత్తం తినేస్తుంది, దాన్ని 2.2 కిలోకు తగ్గించి మళ్లీ కొలువు. ఆ నాలుగో కాలు రేకు టోపీకి కలిసి ఉంటుంది, దాన్ని గ్రౌండ్ చేయి, వదిలేస్తే గుయ్యిమంటుంది.

పీజో నుంచి డబ్బాకు తీగ అడుగు కన్నా పొడవు వద్దు, అది కూడా షీల్డ్ ఉన్నదే. బిళ్లను బుర్ర మీద ఎక్కడ అంటిస్తావన్నది సర్క్యూట్ కన్నా ముఖ్యం. గుర్రం కిందే పెడితే మీటే గోరు చప్పుడు ఎక్కువ, రెండు వేళ్లు పక్కకు జరిపితే మెత్తబడుతుంది. డబుల్ టేప్‌తో నాలుగు చోట్ల పెట్టి విని, ఆయనకు నచ్చిన చోటే ఖాయం చెయ్యి. ఆయన చెవి ఆ తంబురను నీకన్నా నాకన్నా ఎక్కువ ఎరుగును.

డబ్బా లోహానిదే కావాలి, ప్లాస్టిక్ వద్దు. పిన్ 1ను కనెక్టర్ దగ్గరే, అంగుళం తీగ కూడా లేకుండా డబ్బా ఒంటికి కలుపు. సర్క్యూట్ మధ్యకు తీసుకెళ్లి కలిపితే పక్కన ఫోన్ మోగినప్పుడల్లా టిటిట్ అని రికార్డింగ్‌లో పడుతుంది. ఫాంటమ్ ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఫేడర్ కిందికి, హెడ్‌ఫోన్స్ చెవుల నుంచి తీసేసి.

ముందు ఆ నాలుగు అంకెలు రాసి పెట్టు: పిన్ 2 వోల్టులు, పిన్ 3 వోల్టులు, రెండు పిన్నుల కరెంట్. ఇంటర్‌ఫేస్ ఈఐఎన్ దొరికితే అదీ. అవి చూసి సోర్స్ రెసిస్టర్, లోడ్ రెసిస్టర్ ఎంత వేయాలో చెప్తాను. బీఎఫ్‌డబ్ల్యూ 11లు నా దగ్గర కొలిచి జోడీ చేసినవి ఉన్నాయి. హన్మకొండ వైపు వచ్చినప్పుడు తంబుర కూడా పట్టుకురా, బిళ్ల ఎక్కడ పెట్టాలో కూర్చుని విని చూద్దాం.